డిపాజిట్ ఆలస్యానికి క్షమాపణ, కొత్త రేట్లకు లెక్క

అందరికీ నమస్కారం. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరి మన సర్జికల్ షాపు నుంచి రాస్తున్నాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి ఆక్సిజన్ కాన్సంట్రేటర్ల (గాలిలోంచి ఆక్సిజన్ తీసి రోగికి ఇచ్చే మెషిన్లు) అమ్మకం రేటు పెరుగుతుంది. షుగర్ చూసుకునే స్ట్రిప్పుల మీద ఇచ్చే తగ్గింపు కొంచెం కోస్తున్నాను. మెషిన్ల అద్దె మాత్రం పాతదే. ఎందుకో చెప్తాను. నా తప్పు కూడా ఒకటుంది, అదీ చెప్తాను.

"జీఎస్టీ తగ్గిందని టీవీలో చెప్పిండ్రు, నువ్వేమో పెంచుతున్నవ్" అని కౌంటర్ దగ్గర రోజుకు ఇద్దరన్నా అడుగుతున్నారు. నిజమే, 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాస్తా 5 అయింది. కానీ ఈ మెషిన్లలో ఎక్కువ భాగం బయటి దేశాల నుంచి వచ్చేవే, వాటి బిల్లు డాలర్లలో ఉంటుంది. ఒక మెషిన్ 400 డాలర్లు అనుకోండి. 2023 చివర్లో డాలరు 83 రూపాయల దగ్గర ఉండేది. అంటే 33,200, దానికి 12 శాతం పన్ను కలిపితే 37,184. 2025 డిసెంబర్‌లో డాలరు 90 దాటింది. అదే మెషిన్ 36,000 అయి కూర్చుంది. 5 శాతమే కలిపినా 37,800. కస్టమ్స్, లారీ కిరాయి, నా లాభం ఇందులో లేనే లేవు. పన్నులో తగ్గింది మొత్తం డాలరే మింగేసింది.

కోఠిలో మాకు సరుకిచ్చే ఆయన ఇంతకు ముందు నెలకోసారి రేట్ల కాగితం పంపేవాడు. ఇప్పుడు పొద్దున్నే వాట్సాప్‌లో పెడుతున్నాడు, కింద "ఈ రోజు వరకే" అని రాసి.

స్ట్రిప్పుల సంగతి వేరు. ఎంఆర్‌పీని ఏడాదిలో 10 శాతం కంటే ఎక్కువ పెంచకూడదని కంపెనీలకు రూలుంది. అందుకే డబ్బా మీద అంకె పెద్దగా కదలదు, మేం కొనే రేటు పెరిగితే దాని మీద మేమిచ్చే తగ్గింపు కరిగిపోతుంది. డబ్బా తిప్పి చూసి "రేటు అదే ఉంది కదా" అనేవాళ్లకు జవాబు ఇదే. పెద్ద కంపెనీలైతే బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు రాసుకుని మూడు నెలల తర్వాతి డాలరు రేటు ఇప్పుడే ఖాయం చేసుకుంటాయి. నాకు చేతనైంది ముందే సరుకు కొని బీరువాలో పెట్టుకోవడం. స్ట్రిప్పులకు ఎక్స్‌పైరీ ఉంటుంది కాబట్టి అదీ కొంతవరకే. మన కస్టమరు, బత్తాయి రైతు ఒకాయన ఇదంతా విని నవ్వాడు. "తోట నాది, రేటు ఢిల్లీది. నీదీ గంతేనా?" అన్నాడు. గంతే.

అద్దె ఎందుకు పెంచలేదంటే, బ్యాంకు వైపు నుంచి కాస్త గాలి తగిలింది. నా 12 లక్షల సీసీ లోను (వ్యాపారానికి అవసరమైనప్పుడు వాడుకుని కట్టే బ్యాంకు అప్పు) వడ్డీ రెపో రేటుతో, అంటే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే రేటుతో ముడిపడి ఉంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపల రెపో 4 నుంచి 6.5కి పోయినప్పుడు, పూర్తిగా వాడుకుంటే ఏడాదికి 30,000 అదనంగా పడింది. 2025లో అది 5.25కి దిగింది, సగం భారం తగ్గింది. ఆ మిగులు అద్దె మెషిన్లకే వాడుతున్నాను.

ఇక నా తప్పు. కాన్సంట్రేటర్ అద్దెకు తీసుకునేటప్పుడు మీరిచ్చే 10,000 డిపాజిట్ ఉంది కదా. 2024 ఎండాకాలంలో అలాంటి డిపాజిట్లు నా దగ్గర మూడు లక్షలకు పైగా ఊరికే ఉన్నాయి. దోస్తు చెప్పాడని రెండు లక్షలు మ్యూచువల్ ఫండ్‌లో పెట్టాను. సెప్టెంబర్‌లో షేర్ మార్కెట్ సూచీ నిఫ్టీ 26,000 దాటినప్పుడు ఫోన్ తీసి మా ఆవిడకు చూపించి మురిసిపోయాను కూడా. 2025 మార్చి మొదట్లో అదే నిఫ్టీ 22,000 కిందికి జారింది.

సరిగ్గా ఆ వారమే నకిరేకల్ తమ్ముడొకడు మెషిన్ వాపసు తెచ్చాడు. శుభ్రంగా తుడిచి, పైపు చుట్టి, పాత టవల్‌లో కట్టి ఆటోలో తెచ్చాడు. "అమ్మ పోయిందన్నా, ఇగ అవసరం లేదు" అన్నాడు. నేను "రేపు రా తమ్ముడూ" అన్నాను. గల్లాలో పైసల్లేవు, ఫండ్ అమ్మితే నష్టం. ఇంకో వారంలో లేస్తుందేమోనని చూశాను. దినాలు పెట్టుకుని ఆ పిల్లవాడు మూడుసార్లు బస్సెక్కి వచ్చాడు. పదకొండో రోజున ఇచ్చాను. ఒక్క మాట అనలేదు, లెక్క పెట్టుకుని పోయాడు. ఇంకో ఇద్దరిని కూడా ఇలాగే తిప్పాను. మార్కెట్ పడితే పడింది, కానీ అక్కడ పెట్టింది నా పైసలు కావు. ముగ్గురికీ క్షమాపణ.

ఫండ్ మొత్తం అమ్మేశాను, పోయింది నా జేబు నుంచే పోయింది. ఇప్పుడు డిపాజిట్లన్నీ వేరే సేవింగ్స్ ఖాతాలో ఉన్నాయి, సరుకు కొనడానికి కూడా దాన్ని ముట్టను. మెషిన్ తెచ్చిన రోజే, పది నిమిషాలు నడిపి చూసి, మీ ముందే ఫోన్‌పేలో వేస్తాను. రసీదు పోయినా ఫర్వాలేదు, మెషిన్ నంబరు నా నోటుబుక్కులో ఉంటుంది. ఆదివారం మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట లోపల రండి.