రేపటి బ్లడ్ గ్రూపింగ్ ప్రాక్టికల్

అందరికీ నమస్తే. రేపు ఫార్వర్డ్ (ఎర్ర కణాలకు యాంటీ-ఎ, యాంటీ-బి అనే యాంటీబాడీ ద్రవాలు కలిపి చూడటం) ఒక్కటే చూసి గ్రూప్ రాసేయకండి, రివర్స్ (సీరానికి, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవానికి, గ్రూప్ తెలిసిన కణాలు కలిపి చూడటం) కూడా చేయాల్సిందే.

కారణం బాంబే గ్రూప్. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం దీన్ని బయటపెట్టింది. ఈ గ్రూప్ వాళ్ల ఎర్ర కణాల మీద హెచ్ యాంటిజెన్ (ఎ, బి గుర్తులకు పునాది అయిన పదార్థం) ఉండదు, అది లేకపోతే ఎ, బి కూడా తయారు కావు. యాంటీ-ఎ వేసినా, యాంటీ-బి వేసినా కణాలు గుంపు కట్టవు. చూడగానే 'ఓ' అనేస్తాం! రివర్స్‌లో వాళ్ల సీరానికి ఓ కణాలు కలిపితే మాత్రం అవీ గుంపు కడతాయి, సీరంలో యాంటీ-హెచ్ ఉంటుంది కాబట్టి. అక్కడ అనుమానం రావాలి. యాంటీ-హెచ్ లెక్టిన్‌తో (హెచ్‌ను పట్టుకునే మొక్క ప్రోటీన్) చూసి తేల్చుకుంటారు. పొరపాటున ఓ రక్తం ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది, వాళ్లకు బాంబే గ్రూప్ రక్తమే కావాలి.

వైవాకి నిల్వ సంగతి ఒకసారి చూసుకోండి. ఎర్ర కణాలు 2–6 డిగ్రీల్లో, సిపిడిఎ-1 (రక్తం గడ్డకట్టకుండా, కణాలు నిలవుండేలా చేసే ద్రావణం) బ్యాగులో అయితే 35 రోజులు. ప్లేట్‌లెట్లు ఫ్రిజ్‌లో పెట్టరు, 20–24 డిగ్రీల్లో అజిటేటర్ (బ్యాగుల్ని ఊపే యంత్రం) మీద ఊగుతూనే ఉండాలి, అదీ 5 రోజులే. డెంగ్యూ సీజన్లో ఆ టెన్షనంతా అందుకే.

ట్యూబుల మీద లేబుల్ ముందే రాసుకోండి, తర్వాత రాద్దామంటే కుదరదు.