కుళ్లిన దేవగన్నేరు కొమ్మలు, డబ్బు వాపసు గురించి

విజయవాడ,
మే 6.

కస్టమర్ ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం. ఫిబ్రవరి 10న మీ సైట్‌లో ఎర్ర దేవగన్నేరు కొమ్మలు ఐదు ఆర్డర్ పెట్టి 1,245 రూపాయలు కట్టాను. 17న సత్యనారాయణపురంలోని మా ఇంటికి పార్సిల్ వచ్చింది. నాలుగు కొమ్మలు చేతికందేసరికే కుళ్లిపోయాయి. మీ కస్టమర్ కేర్ వాళ్లేమో "మీరే నీళ్లు ఎక్కువ పోశారు, డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదు" అని తేల్చేశారు.

నేను చుక్క నీరు పోయలేదు. అట్టపెట్టె విప్పగానే పులిసిన వాసన కొట్టింది. ప్రతి కొమ్మ మొదట్లో తడి దూది చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించారు. దూది తీసి బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది, గోధుమరంగు నీళ్లు కారాయి. తొక్క ఉడికిన వంకాయ తొక్కలా ఊడొచ్చింది. ఆ ఫోటోలు అదే రోజు సాయంత్రం పంపాను. అప్పటికి నా కుండీల్లో మట్టి కూడా లేదు.

దేవగన్నేరు కొమ్మ నిండా పాలు, నీరే. కోసిన చోటు ఎండి గట్టిపడేదాకా, అంటే వారం నుంచి రెండు వారాలు, నీడలో పడేయాలి. గుంటూరులో మా అమ్మ కొమ్మ కోస్తే వంటింటి వెనక గోడకి ఆనించి వదిలేసేది. మర్చిపోయిందేమోనని మేం గుర్తు చేస్తే "ముందు దాని నోరు మూసుకోనీయండే" అనేది. మీరు పచ్చి కోతకే తడి దూది చుట్టి, గాలాడకుండా కట్టి, వారం రోజులు కొరియర్‌లో తిప్పారు. కుళ్లక ఏం చేస్తుంది?

ఇంకా విడ్డూరం, పెట్టెలో మీరు పెట్టిన కాగితం. "అందగానే నాటండి, రెండు పూటలా నీళ్లు పోయండి" అని ఉంది. వేళ్లే లేని కొమ్మ అన్ని నీళ్లు ఏం చేసుకుంటుంది? పోయమన్నదీ మీరే, ఎక్కువ పోశారన్నదీ మీరే. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

ఐదో కొమ్మ కుళ్లు రెండంగుళాలే ఉంది. కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోతే మూడో కోతకి తెల్లటి కాండం కనిపించి పాలు వచ్చాయి. దాన్ని మెట్ల కింద పన్నెండు రోజులు ఆరబెట్టి, సగం ఇసుక కలిపిన మట్టిలో నాటాను. నాటిన రోజు ఒక్కసారి తడిపి, మళ్లీ చిగురు వచ్చేదాకా చెంబు ముట్టలేదు. ఏప్రిల్ రెండో వారంలో చిగురేసింది. ఆ సంబరమూ ఎన్నాళ్లో నిలవలేదు. విచ్చుకున్న ఆకుల కొసలు గుండ్రంగా, మొద్దుగా ఉన్నాయి. ఎర్ర పూలు పూసే రకం ఆకు కొస సన్నగా మొన తేలుతుంది. ఇలా గుండ్రంగా ఉండేది తెల్ల పూల రకం, మా వీధి చివర చెట్టుదీ ఇదే ఆకు. కొమ్మతో పెంచింది తల్లి చెట్టు పువ్వే పూస్తుంది కాబట్టి, పూసేదాకా ఆగి చూడమని మాత్రం చెప్పకండి.

అందుకని నాకు 1,245 రూపాయలూ వెనక్కి కావాలి. బదులుగా వేరే కొమ్మలు పంపుతామంటే వద్దు. ఆ కాగితం మాత్రం దయచేసి మార్చండి, కొత్తగా మొక్కలు పెంచేవాళ్లు నిజమనుకుని పోసేస్తారు.

2020 నాటి ఇ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆ గడువు దాటితే 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయిస్తాను.

పార్సిల్ ఫోటోలు, మీ కాగితం ఫోటో, కొత్త ఆకుల ఫోటో జత చేశాను. ఆకు పక్కన ఉన్నది రూపాయి బిళ్ల, కొలత తెలియడానికి పెట్టాను.

ఇట్లు,
మీ కస్టమర్,
సత్యనారాయణపురం, విజయవాడ.