యానాం అడ్రస్సు సంగతి

చి. శీనుకి అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మీ నాన్నగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది, పొద్దున్నే కాలవ గట్టు దాకా నడిచొస్తున్నారు. గౌరి ఈనింది, కోడెదూడ. వెనక వాటాలోకి టీచరుగారు వాళ్ళు దిగారు, మంచి మనుషులే. నీ ఫోన్ రాక చాలా రోజులైంది. పని ఎక్కువగా ఉందేమోలే అని సరిపెట్టుకున్నాను.

మొన్న రాజు కూతురి పెళ్ళిలో సుబ్బులత్త నా పక్కన కూర్చుని, "శీను కారు కొంటున్నాడటగా వదినా, మా యానాం ఇంటి కరెంటు బిల్లు అడిగాడు, అద్దె అగ్రిమెంటు కూడా రాసిమ్మన్నాడు" అంది. నలుగురిలో ఏమంటాను, నవ్వి ఊరుకున్నాను. కారు కొంటే మాకు సంతోషమే. గాజువాకలో ఉంటూ యానాంలో అద్దెకున్నట్టు రాయించుకోవడం ఏమిటన్నదే నిద్ర పట్టనివ్వలేదు.

చలికాలం కదా, రాత్రిపూట తల తడపకు. మెస్సులో మజ్జిగ పోస్తున్నారా?

చినమావయ్య రోజంతా బళ్ళు రిజిస్టరు చేసే బ్రేకు ఆఫీసు దగ్గరే ఉంటాడు కదా, నీ పేరెత్తకుండా అంతా అడిగి క్యాలెండరు వెనక రాసుకున్నాను. రిజిస్ట్రేషన్ ఫీజు కేంద్రం పెట్టింది, కారుకి 600, ఎక్కడైనా అంతే. తేడా అంతా లైఫ్ ట్యాక్సులో, అదే బండి కొన్నప్పుడు ఒకేసారి కట్టే పన్నులో. అది రాష్ట్రాల చేతిలో ఉంది, ఎవరి లెక్క వాళ్ళది. 2022లో పెంచిన శ్లాబుల్లో మన దగ్గర ఐదు లక్షల లోపు బండికి 13 శాతం, పది లక్షల దాకా 14, ఇరవై దాకా 17, ఆ పైన 18. పన్నెండు లక్షల బండైతే 2,04,000, సెస్సులు వేరే. తెలంగాణలోనూ ఆ ఏడాది ఇవే శ్లాబులు పెట్టారు, కాబట్టి హైదరాబాదు అన్నయ్య అడ్రస్సు పెట్టినా కలిసొచ్చేదేమీ లేదు. యానాం పుదుచ్చేరి కింద ఉంది, అక్కడ ఇంత శాతం అని లాగరు, వేలల్లో తేలిపోతుందట. లక్ష పైన మిగులుతుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది, నాకు తెలుసు.

కానీ యానాం వాళ్ళు కట్టుకుంటే అది వాళ్ళ ఊరు, వాళ్ళ పన్ను. సుబ్బులత్త కొడుకు అక్కడ చేయించుకున్నాడు, అక్కడే తిరుగుతున్నాడు, ఎవరూ వేలెత్తి చూపరు. బండి ఎక్కడ ఉంటుందో అక్కడే రిజిస్టరు చేయించాలన్నది చట్టం. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాల్సిందే. నువ్వు రోజూ ఆఫీసుకి వెళ్ళే బండి చుట్టంచూపుగా వచ్చిందంటే ఎవరు నమ్ముతారు?

గోపి సంగతి నీకు సగమే తెలుసు. వాడూ ఇలాగే స్నేహితుడి ఇంటి అడ్రస్సు పెట్టి పీవై 04 నంబరు వేయించుకున్నాడు. ఆర్సీ కార్డు పోస్టులో వస్తే ఆ ఇంటికి తాళం, వెనక్కి పోయింది. అదొక తిరుగుడు. తరవాత అన్నవరం నుంచి వస్తుంటే చెకింగులో ఆపారు. ఎన్నాళ్ళయింది బండి ఇక్కడ తిప్పుతున్నావంటే నిన్ననే తెచ్చానన్నాడు. వాళ్ళు డాష్‌బోర్డు మీదున్న సర్వీసింగు బిల్లులు తీసి చూశారు, అన్నీ కాకినాడవే. వాడి పెళ్ళాం పద్మ చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని మిట్టమధ్యాహ్నం కల్వర్టు మీద కూర్చుంది, ప్రసాదం పొట్లం పిల్ల నెత్తిన అడ్డం పెట్టి. లైఫ్ ట్యాక్సు, దాని మీద జరిమానా కట్టాకే బండి వదిలారు. బండి పాతబడింది కాబట్టి పన్ను కొంత తగ్గిందిలే, కానీ జరిమానా ఆ తగ్గింపుని మింగేసింది. అంతటితో అయిందా, నంబరు మార్చుకోవాలంటే యానాం నుంచి ఫారం 28 మీద ఎన్వోసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం తేవాలి, ఇక్కడ ఫారం 27 పెట్టాలి, అప్పు ఉంటే బ్యాంకు వాళ్ళ కాగితం కూడా. అక్కడ కట్టిన దాంట్లో మిగిలింది వెనక్కి రావాలంటే మళ్ళీ అక్కడే అర్జీ. ఈలోగా ఆ స్నేహితుడు నా ఇంటి అడ్రస్సు ఎక్కడా ఎత్తకు అన్నాడు. ఇద్దరికీ మాటల్లేవు ఇప్పుడు. పద్మ చేతి గాజులు తాకట్టులోంచి ఇంకా రాలేదు, ఈ మాట ఎవరితోనూ అనకు.

నీకు నీతులు చెప్పాలని కాదు. కానీ దొంగ అద్దెకాగితం మీద నువ్వు సంతకం పెట్టడం, దాని మీద సుబ్బులత్త సంతకం పెట్టించడం, ఇది నాకు పన్ను కంటే పెద్ద విషయం. రేపు నోటీసు వస్తే ఆవిడ గుమ్మంలోకి వస్తుంది. మామయ్యగారు పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. పోలీసని పేరు వింటే ఆవిడకి బీపీ పెరుగుతుంది.

డబ్బు సర్దుబాటు కాకపోతే మాకు చెప్పవా? సార్వా ధాన్యం డబ్బు బ్యాంకులో ఉంది, దేనికీ అనుకోలేదు. లేదంటే తొమ్మిది లక్షల్లో బండి చూడు, 14 శాతంలో పడుతుంది, పన్నే 78,000 తగ్గుతుంది. ఎత్తు బండే కావాలని ఎవరన్నారు? ఇంకోటి, మీ కంపెనీకి నాలుగు రాష్ట్రాల్లో ఆఫీసులుంటే ఏ రాష్ట్రంలోనైనా చెల్లే బీహెచ్ నంబరు అడగొచ్చట. ఆఫీసు వాళ్ళు ఫారం 60 ఇవ్వాలి, పన్ను రెండేళ్ళకోసారి కట్టుకోవచ్చు. అది దర్జాగా చేసుకునే పని, అడిగి చూడు.

మన ఇంటి అడ్రస్సు మీద చేయించుకున్నా నాకు ఇష్టమే. నాన్నగారి స్కూటరు మీద ఏపీ 05 చూసి ఊరు గుర్తుపట్టేవాళ్ళు, 2019 నుంచి రాష్ట్రమంతా ఒకటే వరస చేసేశారు.

నాన్నగారికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. బాపిరాజు ఆదివారం విశాఖ వస్తున్నాడు, గోంగూర పచ్చడి, సున్నుండలు పంపుతున్నాను. సున్నుండలు గాలి తగలకుండా పెట్టుకో. షోరూము వాళ్ళకి కాగితాలు ఇచ్చే లోపలే నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం రెండు తరవాతైతే నాన్నగారు పడుకుంటారు.

మీ అమ్మ