చింటూగాడి ఫొటోలు అలుక్కుపోకుండా

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. సోఫా, గోడ మీది గడియారం స్పష్టంగా ఉన్నాయి, చింటూగాడు మాత్రం అలుక్కుపోయాడు. అంటే నీ చెయ్యి వణకలేదు, కెమెరాలో లోపమూ లేదు. ఆటో మోడ్ 1/60 సెకను షట్టర్ ఎంచుకుంది, అంటే కెమెరా అంతసేపు వెలుగును లోపలికి రానిచ్చింది. పిల్లాడు పరిగెడుతున్నాడని దానికి తెలియదు, గది చీకటిగా ఉందని మాత్రమే తెలుసు.

చిన్నపిల్లాడు హాల్లో పరిగెడితే సెకనుకు రెండు మీటర్లు సులువుగా వెళ్తాడు. 1/60లో మూడు సెంటీమీటర్లకు పైగా జరిగిపోతాడు. 1/500లో జరిగేది నాలుగు మిల్లీమీటర్లే. కాబట్టి కూర్చుని బొమ్మలతో ఆడుతుంటే 1/125, నడుస్తుంటే 1/250, పరుగులూ గెంతులూ అయితే 1/500 పెట్టు. లెన్స్ మీద ఉండే వీఆర్ నీ చేతి వణుకును ఆపుతుందే తప్ప వాడి కాళ్లను ఆపలేదు.

డయల్‌ని ఎం (మాన్యువల్) మీదికి తిప్పు. షట్టర్ 1/250, అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది) ఇప్పుడున్న లెన్స్ ఇచ్చే అతి చిన్న అంకె. మెనూలో ఆటో ఐఎస్ఓ (ఐఎస్ఓ అంటే ఉన్న వెలుగును కెమెరా ఎంత పెంచి చూపాలనే అంకె) ఆన్ చేసి గరిష్ఠం 6400 అని పెట్టు. ఇక వెలుగు మారినప్పుడు కెమెరా ఐఎస్ఓనే మారుస్తుంది, షట్టర్ జోలికి పోదు. 6400లో ఫొటో మీద ఇసుక చల్లినట్టు కనిపిస్తుంది, దానికి భయపడకు. ఆ ఇసుకను తర్వాత చాలావరకు తగ్గించుకోవచ్చు, అలుక్కుపోయిన మొహాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగుచెయ్యలేదు. 6400కి చేరినా ఫొటో నల్లగానే వస్తుంటే సెట్టింగులతో కుస్తీ పట్టొద్దు, చోటు మార్చు.

అసలు నువ్వు ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది అక్కడే. బొమ్మల చాపను బాల్కనీ తలుపు పక్కకి, మీటరు దూరంలోకి లాగు. గది మధ్యలోనూ అంతే వెలుగు ఉన్నట్టు మన కంటికి అనిపిస్తుంది గానీ, మూడు మీటర్లు లోపలికి వెళ్లేసరికి ఐఎస్ఓ నాలుగైదు రెట్లు పెరగడం మామూలే. తలుపు నీకు ఒక పక్కన ఉండాలి. వాడి వెనక ఉంటే మొహం నల్లబడుతుంది. ఎండ నేరుగా పడుతుంటే పల్చటి తెల్ల కర్టెన్ వెయ్యి. పగలు ట్యూబ్‌లైట్లు ఆర్పెయ్యి. రెండు రంగుల వెలుగు కలిస్తే ఒక చెంప నీలంగా, ఇంకోటి పసుపుగా వస్తుంది, సరిచెయ్యడం చాలా కష్టం.

కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ అపర్చర్ 18 దగ్గర ఎఫ్/3.5, 55 దగ్గర ఎఫ్/5.6. అంటే జూమ్ చేస్తే వెలుగు రెండున్నర రెట్లు తగ్గిపోతుంది. జూమ్ మానేసి దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చో, కెమెరా వాడి కళ్ల ఎత్తులో ఉంటుంది. కొనాలనుకుంటే 35 ఎంఎం ఎఫ్/1.8 కొను. నీ కెమెరాకి 50 ఎంఎం అయితే మరీ దగ్గరగా చూపిస్తుంది, మన హాల్లో వెనక్కి జరగడానికి చోటు చాలదు. ఒక్క జాగ్రత్త: నీ నికాన్ డీ5600 బాడీలో ఫోకస్ మోటారు లేదు. పేరులో ఏఎఫ్-ఎస్ అనో ఏఎఫ్-పీ అనో ఉన్న లెన్సే తీసుకో. చవగ్గా దొరికే పాత ‘డీ’ లెన్స్ కెమెరాకి అమరుతుంది, ఫొటో కూడా తీస్తుంది, కానీ ఆటోఫోకస్ చెయ్యదు. కొత్త లెన్స్ రాగానే ఎఫ్/1.8లో తియ్యకు. మీటరున్నర దూరంలో స్పష్టంగా ఉండే లోతు 13 సెంటీమీటర్లే. ఎఫ్/2.8లో అది 20 అవుతుంది, వాడు ముందుకి వంగినా మొహం దక్కుతుంది.

ఫోకస్‌ని ఏఎఫ్-సీలో (కదిలేదాన్ని వెంటాడే ఫోకస్) పెట్టు, 9 పాయింట్ల డైనమిక్ ఏరియా ఎంచుకుని మధ్య పాయింటుని మొహం మీద ఉంచు. బటన్ సగం నొక్కి పట్టుకుని వాడితోపాటే కదులు. వెనక స్క్రీన్‌లో చూస్తూ తియ్యకు, ఈ కెమెరాలో ఆ ఫోకస్ నెమ్మది. కన్ను వ్యూఫైండర్‌కే ఆనించు. ఉయ్యాల బల్ల మీద ఉన్నప్పుడు చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగే క్షణం కోసం కాచుకో. అక్కడ వాడు దాదాపు ఆగుతాడు, 1/250 చాలు. గెంతినా అంతే, అన్నిటికన్నా పైన ఉన్నప్పుడు నొక్కు.

రాత్రిపూట కథ వేరు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా ఎల్ఈడీలు సెకనుకు వందసార్లు మిణుకుతాయి. 1/500లో తీస్తే ఒక ఫొటో వెలుగుగా, ఇంకోటి చీకటిగా, కొన్ని అడ్డచారలతో వస్తాయి. 1/100 పెడితే అవి పోతాయి గానీ కదలిక ఆగదు. రాత్రి పరుగులకి విడి ఫ్లాష్ కావాలి. దాని తల పైకప్పు వైపు తిప్పి 1/200, ఎఫ్/4, ఐఎస్ఓ 800 దగ్గర మొదలుపెట్టు. అప్పుడు ఐఎస్ఓ ఆటోలో వద్దు. పైకప్పు తెల్లగా ఉండాలి, రంగు వేసి ఉంటే ఆ రంగే మొహం మీద పడుతుంది. వరసగా తీస్తే ఫ్లాష్ మళ్లీ చార్జ్ కాక మధ్యలో నల్ల ఫొటోలు వస్తాయి, ఒక్కొక్కటే తియ్యి. కెమెరా మీదే లేచే ఫ్లాష్ వాడకు. అది పైకి తిరగదు, వెలుగు వాడి కళ్లలోకే కొడుతుంది.

ఆదివారం పొద్దున బాల్కనీ తలుపు దగ్గర వాణ్ణి పరిగెత్తించి 1/125, 1/250, 1/500లో పదేసి తీసి పంపు. అల్లుణ్ణి నీ వెనక నిలబడి వాణ్ణి పిలవమను, మొహం నీ వైపే ఉంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపు, అప్పుడే సెట్టింగులు నాకు కనిపిస్తాయి.

ఆశీస్సులతో,
నాన్న