అవునో కాదో చెప్పు చాలు

హనుమకొండ
ఆదివారం

చి. శారదకు, మీ బాపు ఆశీర్వదించి రాసేది.

మేమిద్దరం బాగున్నాం. మీ అమ్మకు మోకాళ్ల నొప్పి ఎప్పటిలాగే ఉంది. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, ఆమె రోజూ డాబా ఎక్కి మిరపకాయలు తిరగేస్తోంది. పెరట్లో మామిడి ఈసారి విరగబూసింది గానీ మొన్నటి గాలివానకు సగం రాలిపోయింది. ఈ రోజుల్లో ఉత్తరం ఏంటని నవ్వకు. ఫోన్లో అన్నీ మాట్లాడొద్దని నువ్వే అన్నావు. పైగా కోర్టులో ఉన్నన్నాళ్లూ ఎదుటివాళ్ల వాంగ్మూలాలు రాసిన చెయ్యి ఇది, ఖాళీగా ఉంటే దురదపెడుతుంది.

ప్రత్యేకించి చెప్పేదేమీ లేదు. మొన్న కాజీపేటలో రాజిరెడ్డి మనుమరాలి పెళ్లికి పోయొచ్చాం. బగార అన్నం కొంచెం పలుకు, మటన్ బాగుంది. నువ్వు రాలేదని అందరూ అడిగారు. చేతులు కడుక్కునే దగ్గర రాజిరెడ్డి అల్లుడు కలిశాడు, పోలీసు డిపార్టుమెంటులో ఉన్నాడు చూడు, అతను. "కాకా, మీ శారద పేరు ఏదో కేసు కాగితంలో చూసినట్టుంది, మరి ఆమేనో కాదో" అన్నాడు. ఏ స్టేషను, ఏ కేసు అంటే నీళ్లు నమిలాడు. శారద పేరు గలవాళ్లు జిల్లాకు వెయ్యి మంది ఉంటారు. నేనేమీ పట్టించుకోలేదు.

నీ దగ్గర్నుంచి మాత్రం కొన్నాళ్లుగా వాట్సాప్‌లో బొటనవేలు బొమ్మ తప్ప మాట లేదు. మీ అమ్మ తిన్నావా అంటే బొటనవేలు, జ్వరం తగ్గిందా అంటే బొటనవేలు. జ్వరానికి బొటనవేలు చూపిస్తే తగ్గిందనా, ఉందనా?

తాడ్వాయి కేసు గుర్తుకొచ్చింది, అంతే. ములుగు మనకు పక్కనే కదా. 2022 ఆగస్టు 19న అక్కడ ఉపా, అదే చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక చట్టం, దాని కింద ఎఫ్ఐఆర్ రాస్తే, అందులో 152 మంది ఉన్నారని బయటికి తెలిసింది 2023 జూన్‌లో. అదీ ఇంకొకాయన బెయిలు కోసం కోర్టుకెక్కితే కాగితాలు కదిలి. అన్నాళ్లూ పౌరహక్కుల ప్రొఫెసరు హరగోపాల్ సారు తన మీద ఉపా కేసు ఉందని తెలియకుండానే మీటింగులకు పోయొచ్చారు. ఆ లిస్టులో బొంబాయి హైకోర్టు రిటైర్డ్ జడ్జి హెచ్. సురేశ్ గారి పేరు కూడా ఉంది. ఆయన 2020లోనే కాలం చేశారు. సమన్లు పంపితే ప్రాసెస్ సర్వర్ వెనకాల ఏమని రాసుకొచ్చేవాడో అని మీ అమ్మతో అంటూ నవ్వాను. ఆమె నవ్వలేదు. పేపర్లలో గొడవయ్యాక, ముఖ్యమంత్రి చెప్పాక, సారు పేరూ ఇంకో ఐదుగురి పేర్లూ తీసేస్తామన్నారు. అప్పుడు పోలీసులు చెప్పింది ఆ ఆరుగురి గురించే. నీ పేరంటూ ఎక్కడైనా ఉంటే అది సారు పక్కన ఉంటుందా, ఎవరికీ పట్టని చివరి పేజీలో ఉంటుందా అన్నదే నా టెన్షన్. టెన్షన్ అని కాదులే, ఊరికే ఆలోచన.

మా అన్న, మీ పెద్దబాపు కేసు నీకు పూర్తిగా తెలియదు. ఇంట్లో ఎవ్వరం ఎత్తం. రామనాథం డాక్టరును చంపిన మరుసటి ఏడాది మొదలైంది అది. పిల్లల డాక్టరు, పౌరహక్కుల సంఘం మనిషి. 1985 సెప్టెంబరు 3న, ఒక ఎస్సై శవయాత్ర సాగుతున్న వేళ, ఆయన క్లినిక్‌లోనే కాల్చేశారు. ఆ తర్వాత వరంగల్‌లో పౌరహక్కులు అన్న మాట వినబడితే జనం తలుపులు దగ్గరికి వేసుకునేవాళ్లు. పెద్దబాపు ఏ సంఘంలోనూ లేడు. తన బడిలో చదివిన ఒక పిల్లవాణ్ని స్టేషనులో పెట్టి, రోజులు గడుస్తున్నా కోర్టులో చూపించలేదు. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగంలోనే ఉంది, 22వ అధికరణం, నీకు నేను చెప్పాలా. ఆ పిల్లవాడి తల్లి వచ్చి మన వాకిట్లో కూర్చుని ఏడ్చింది. పెద్దబాపు ఆమె తరఫున కలెక్టరుకు ఒక అర్జీ రాసిచ్చాడు. ఆయన దస్తూరి జిల్లా అంతా తెలుసు. ఆ దస్తూరే పట్టిచ్చింది.

అర్జీ అందిన మర్నాడే పిల్లవాణ్ని కోర్టులో చూపించారు. ఆ వారంలోనే అదే కేసులో పెద్దబాపును తొమ్మిదో ముద్దాయిగా చేర్చారు. అక్రమంగా గుమిగూడాడని రాశారు. ఆయన జన్మలో అక్రమంగా గుమిగూడింది పెళ్లిళ్లలో పేకాటకే. సరే, రిమాండుకు పోయాడు. 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే గవర్నమెంటు ఉద్యోగి సస్పెండైనట్టే లెక్క. సగం జీతం, ముగ్గురు పిల్లలు.

ఇక వాయిదాలు. ఒకసారి పీపీ, అదే గవర్నమెంటు వకీలు, రాడు. ఒకసారి దర్యాప్తు అధికారి బందోబస్తు డ్యూటీలో ఉంటాడు. ఒకసారి ఏ-4, అంటే నాలుగో ముద్దాయి, రాలేదు, అతని మీద వారెంటు, అది అమలయ్యేదాకా అందరికీ వాయిదా. జడ్జిగారికి బదిలీ, కొత్తాయన వచ్చేదాకా వాయిదా. నేను ఆ ఆవరణలోనే ఇంకో కోర్టులో జూనియర్ అసిస్టెంటును. పెద్దబాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని, తొమ్మిదిన్నరకే వచ్చి చింతచెట్టు కింద కూర్చునేవాడు. బంట్రోతు పేరు పిలిస్తే బడిపిల్లవాడిలా చెయ్యెత్తేవాడు. ఎత్తనక్కర్లేదని నేను ఎన్నిసార్లు చెప్పినా మానలేదు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే డబ్బా తినేవాళ్లం. మా సూపరింటెండెంటు చూసీ చూడనట్టు పోయేవాడు, మంచి మనిషి. సుజాతకు ఖమ్మం సంబంధం కుదిరి, తాంబూలాల ముందురోజు కబురొచ్చింది: పిల్ల నాయన మీద కేసు ఉందట గదా అని. ఆ రాత్రి పెద్దమ్మ పొయ్యి వెలిగించలేదు.

పదేళ్ల పైన నడిచింది. సాక్షులు ఒక్కొక్కరే మాకేం తెలియదనేశారు, కేసు కొట్టేశారు. జడ్జిమెంటు మూడే పేజీలు. సర్టిఫైడ్ కాపీ నేనే తీయించాను. అయిపోయిందనుకున్నాం. ఆ తర్వాత కూడా జిల్లాకు మంత్రి వస్తున్నాడంటే ముందురోజు రాత్రి ఒక కానిస్టేబుల్ వచ్చి, "సార్, ఒక్కసారి స్టేషనుకు" అనేవాడు. కోర్టులో కొట్టేసిన పేరును స్టేషను పుస్తకంలో ఎవరూ కొట్టెయ్యలేదు. ఆ కానిస్టేబులూ ఆయన దగ్గర చదివినవాడే. కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, మంత్రి కారు పోయాక ఇంటి దగ్గర దించేవాడు. పెద్దబాపు పోయేదాకా ఇదే తంతు.

అర్జీలోని పిల్లవాడు, పిల్లవాడేంటి ఇప్పుడు, మనుమలున్నారు, ప్రతి దసరాకు పెద్దమ్మకు చీర తెస్తాడు. నువ్వు చూశావు, పొట్టిగా, టైర్ల దుకాణం. ఆ అర్జీ రాయకపోయి ఉంటే బాగుండేదని పెద్దమ్మ ఏనాడూ అనలేదు. అందుకే నీ పని మానుకోమని నేను చెప్పను. చెప్పను అంటే చెప్పను. ఇల్లెందు దగ్గర పోడు భూముల కేసులు మీవాళ్లు ఉచితంగా చూస్తున్నారని విన్నాను, మంచిదే.

నువ్వేమంటావో కూడా తెలుసు. కోర్టులో నిలవదు బాపూ అంటావు. నిలవదు. రచయితల మీద పెట్టిన సికింద్రాబాద్ కుట్ర కేసు కూడా నిలవలేదు. 1974లో పెట్టారు, 1989లో కొట్టేశారు. అమలాపురం సాయిబాబా సారు, ఢిల్లీలో ప్రొఫెసరు, ఆయన మీద పెట్టిన మావోయిస్టు కేసు నిలిచిందా? 90 శాతం అంగవైకల్యం, చక్రాల కుర్చీ. 2014 మేలో పట్టుకుపోయారు. 2020 ఆగస్టులో తల్లి చనిపోతే ఆఖరిచూపుకు కూడా పెరోల్ ఇవ్వలేదు. 2022 అక్టోబరు 14న నాగపూర్ బెంచి నిర్దోషి అంది, మర్నాడు శనివారమైనా సుప్రీంకోర్టు కూర్చుని మరీ ఆపింది. ఇన్నేళ్ల సర్వీసులో శనివారం పూట బెయిలు ఇవ్వడానికి కూర్చున్న బెంచిని నేను చూడలేదు. మళ్లీ విచారించి 2024 మార్చి 5న మళ్లీ నిర్దోషే అన్నారు. అదే ఏడాది అక్టోబరు 12న నిమ్స్‌లో పోయాడు. ఆయన రాజకీయాలతో నాకు పనిలేదు, నేను ఫైలు చూసే మనిషిని. ఆ ఫైల్లో చివరి పేజీ ఒక్కటే ఆయనకు అనుకూలం. ఆ రోజు మీ అమ్మ టీవీ కట్టేసి, ఆ తల్లి పేరు ఏంటని అడిగింది. సూర్యవతి అని చెప్పాను.

మామూలు కేసులో 60 రోజులకో 90 రోజులకో ఛార్జిషీటు పడకపోతే బెయిలు హక్కు. ఉపాలో అది 180 దాకా సాగుతుంది. ఆ తర్వాత అందులోని సెక్షన్ 43డి(5). పోలీసుల కాగితాలు చూసి ఆరోపణ నిజమేమో అనిపిస్తే బెయిలు ఇవ్వొద్దంటుంది. ఆ కాగితాలు తప్పని తేలేది విచారణలో. విచారణ ఎప్పుడు? వరవరరావు సారును భీమా కోరెగావ్ కేసులో 2018 ఆగస్టులో హైదరాబాదు ఇంట్లో అరెస్టు చేశారు, 2022 ఆగస్టులో ఆరోగ్యం బాగాలేదని సుప్రీంకోర్టు బెయిలిచ్చింది, అప్పటికీ విచారణ మొదలే కాలేదు. అదే కేసులో స్టాన్ స్వామి అనే ఫాదరు, 83 ఏళ్లు, చేతులు వణికే జబ్బు, నీళ్లు తాగడానికి స్ట్రా ఇప్పించమంటే జవాబు చెప్పడానికి కేంద్ర దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ 20 రోజులు గడువు తీసుకుంది. బెయిలే నియమం, జైలు మినహాయింపు అని సుప్రీంకోర్టు జడ్జి కృష్ణయ్యర్ గారు 1977లో అన్నారు. అది ఉపాకూ వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అంది. ఆ మాట ఢిల్లీలో బయల్దేరింది, మన జిల్లా కోర్టుకు చేరడానికి ఎన్ని వాయిదాలు పడతాయో.

పాఠం మొదలుపెట్టాను, మీ అమ్మ అరుస్తోంది. రెండు మూడు మాటలు చెప్పి ఆపేస్తా. ఎవరైనా రాత్రి తలుపు కొడితే ముందు గొలుసు వేసి మాట్లాడు. పొద్దుగూకాక ఆడవాళ్లను అరెస్టు చెయ్యాలంటే మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి ఉండాలి. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని 2024 మే 15న సుప్రీంకోర్టు ప్రబీర్ పుర్కాయస్థ కేసులో చెప్పింది, నోటిమాటతో కదలకు. ల్యాప్‌టాప్ తీసుకుపోతే హాష్ వాల్యూ, అంటే తర్వాత అందులో ఏమీ మార్చలేదని చూపే నంబరు, రాయించుకో. ఆ భీమా కోరెగావ్ కేసులోనే ఉన్న రోనా విల్సన్ కంప్యూటరులోకి ఎవరో బయటినుంచి ఫైళ్లు దూర్చారని అమెరికా ల్యాబు 2021లో చెప్పింది కదా. థైరాయిడ్ మాత్రల చీటీ, రెండో కళ్లద్దాలు ఒక సంచిలో పెట్టుకో. సంచి తలుపు దగ్గర ఉంచు. రాత్రి పదయ్యాక ఆఫీసులో ఉండకు.

మీ అమ్మ ఈ డబ్బాలో వేంకటేశ్వరస్వామి పటం కూడా పెట్టింది. 2018లో వరవరరావు సారు అల్లుడి ఇంట్లో సోదాకు వచ్చినవాళ్లు, ఇన్ని పుస్తకాలెందుకు, దేవుడి పటాలు లేవు, ఫూలే అంబేద్కర్ పటాలేంటి అని అడిగారని పేపర్లో చదివినప్పట్నుంచి ఆమెకు ఇదే పట్టుకుంది. అంబేద్కర్‌ను తియ్యక్కర్లేదట, పక్కన మేకు కొడితే చాలట. కొట్టు. ఇంటాయన ఏమైనా అంటే నేను మాట్లాడతా.

ఈ ఉత్తరం దొరికిందంటే డబ్బా విప్పావన్నమాట. పైన సకినాలు, కింద చింతకాయ తొక్కు. అడుగున ప్లాస్టిక్ కవరులో ఖాళీ వకాలత్ ఫారాలున్నాయి. సంతకం పెట్టి ఒకటి మీ సీనియర్ దగ్గర ఉంచు, ఒకటి నాకు పంపు. నువ్వు లాయరువే, కాదనను, కానీ లోపల ఉన్నవాళ్లు తమ వకాలత్ తాము తెచ్చుకోలేరు. ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సులు తీసి పెట్టాను, జామీనుకు పనికొస్తాయి. ఇంకొకరు కావాలంటే ఆ టైర్ల దుకాణపాయన తానుంటానన్నాడు. అడగకుండానే అన్నాడు, ఎవరు చెప్పారో ఏమో.

తొక్కు తిన్న చేత్తో సంతకం పెట్టకు. ఫోన్ చేసినప్పుడు వివరాలేమీ వద్దు. మామిడి పూత నిలిచిందా అని నేనడుగుతా, అవునో కాదో చెప్పు చాలు.

మీ బాపు

తా.క.: రాజిరెడ్డి అల్లుడి మాట ఎవరితోనూ అనకు, నౌకరీ చేసుకునేవాడు. చదివాక ఈ కాగితం చింపెయ్. వకాలత్ ఫారాలు చింపకు.