ఆవిర్లకు గర్భసంచి తీస్తారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

నెలకొకటి చొప్పున ఏడాదికి 12 రోజుల నెలసరి సెలవుకు 2025 అక్టోబరులో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకున్నప్పుడు మా ఆఫీసులో ఆడపిల్లలు స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను. నాకు 48, నెలసరి ఆగి ఏడాది దాటింది కనుక ఆ సెలవుతో నాకు పని లేదు. నా గొడవ వేరు.

పోయిన చలికాలం మా ఆయన రెండు రగ్గులు కప్పుకుని, చెవులకు మఫ్లర్ చుట్టుకుని పడుకుంటే, నేను ఫ్యాను ఐదులో పెట్టుకుని మంచం మీద కూర్చునేదాన్ని. ఛాతీలో మొదలై మెడ మీదుగా మొహానికి ఆవిరి ఎగదన్నేది. కాసేపటికి తడిసిన నైటీకి అదే ఫ్యాను గాలి తగిలి వణుకు. రాత్రికి మూడు నాలుగుసార్లు. పొద్దున అకౌంట్స్ సీట్లో కూర్చుంటే రోజూ కొట్టే జీఎస్‌టీ నంబరు కూడా గుర్తొచ్చేది కాదు.

ఇంటి దగ్గర నర్సింగ్ హోమ్‌లో డాక్టరమ్మ ఐదు నిమిషాల్లో తేల్చేసింది: "పిల్లలు పెద్దవాళ్లయ్యారుగా, గర్భసంచి తీయించేసుకోండి, పీడా పోతుంది."

మన ఆంధ్రావాళ్లకు ఈ మాట కొత్త కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు ముగ్గురైతే, ఆంధ్రాలో దాదాపు తొమ్మిదిమంది. క్యాన్సరో, ఆగని రక్తస్రావమో ఉంటే తీయాల్సిందే, కాదనను. కానీ ఆవిర్లు వచ్చేది గర్భసంచి వల్ల కాదు, అండాశయాల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోను తగ్గడం వల్ల. ఆపరేషన్‌లో వాటినీ తీసేస్తే, ఏళ్ల తరబడి మెల్లగా రావలసినదంతా కొద్దిరోజుల్లోనే మీద పడుతుంది. ఎముకలూ ముందే గుల్లబారతాయి.

ఇది నాకు చెప్పింది రెండో డాక్టరు. బీపీ చూసి, రొమ్ము పరీక్ష చేయించి, ఎప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని అడిగి, అప్పుడు హార్మోను మందు మొదలుపెట్టారు. అది అందరికీ పడదట, పడనివాళ్లకు వేరే మందులున్నాయట. నెల తిరక్కుండా మా ఫ్యాను రెండుకి దిగింది.

రెండో డాక్టరు ఫీజు నేను పెట్టుకోగలిగాను. ఇక్కడ బెంగళూరులో పీణ్య, బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో మిషను తొక్కే మదనపల్లె, హిందూపురం ఆడవాళ్ల సంగతేమిటి? బీపీ, షుగరు చూసే సర్కారువారి నమ్మ క్లినిక్‌లు ఉన్నాయి కదా. నలభై దాటినావిడ వస్తే నెలసరి ఎలా ఉంది, రాత్రి నిద్ర పడుతోందా అని అక్కడ రెండు ప్రశ్నలు అడిగితే చాలు. వారానికొక మధ్యాహ్నం తెలుగో తమిళమో వచ్చిన నర్సు ఉంటే మరీ మంచిది. పాతికేళ్లుగా ఈ ఊళ్లో ఉన్న నాకే ఆవిర్లను కన్నడంలో ఏమంటారో తెలియక పైట విసురుకుని చూపించాల్సి వచ్చింది!

అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్రం 2022లో మార్గదర్శకాలిచ్చింది. మూడు నెలల్లో అమలు చేయమని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు చెప్పింది. ఆ కాగితం మా వీధి నర్సింగ్ హోమ్ దాకా వచ్చినట్టు లేదు. ఆరోగ్యశాఖ వాళ్లు ఒకసారి తిరిగి చూడాలి.

చిత్తూరు దగ్గర మా పెద్దమ్మ కూతురు 38 ఏళ్లకే తీయించుకుంది. మొన్న ఫోన్‌లో అడిగాను, అండాశయాలు ఉంచారా తీశారా అని. "అవి వేరే ఉంటాయా అక్కా?" అంది.

— ఒక పాఠకురాలు, కె.ఆర్.పురం, బెంగళూరు