ఆదివారం పాడేరు కొండల డ్రైవ్

అందరికీ నమస్తే. శనివారం మధ్యాహ్నానికే వైజాగ్‌లో బయల్దేరి, రాత్రికి పాడేరులో ఆగుదాం. పొగమంచులో ఘాట్ రోడ్డు ఎక్కడం నాకు అస్సలు ఇష్టం లేదు. డీజిల్ పాడేరులోనే ఫుల్ చేయించండి.

ఆదివారం తెల్లవారుజామునే వంజంగి వైపు మట్టిదారి. వాన పడితే ఆ ఎర్రమట్టి సబ్బులా జారుతుంది. పోయినసారి నా బండి వెనక చక్రం గాడిలో దిగి, తాడు కట్టి లాగడానికి గంట పట్టింది. అందుకే చెప్తున్నా, టో తాడు, గాలి పంపు తప్పకుండా తెచ్చుకోండి. ఏటవాలులో ఒక్కో బండే దిగాలి, 4L (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే లో-రేంజ్) పెట్టి మొదటి గేరులో, బ్రేకు మీద కాలు పెట్టకుండా.

కాఫీ తోటల పక్కన జనం నడుస్తుంటారు, వాళ్లు దాటేదాకా ఆగుదాం. రాత్రి గట్టి వాన పడితే డ్రైవ్ రద్దు. వచ్చేవాళ్లు గురువారంలోపు బండి పేరు, ఎంతమందో రాయండి.